తుంటికీలునకు రాచపుండు: కాలు నిలుపు చికిత్స

నడుము నొప్పి, తుంటి నొప్పి, తొడ లాగుట అను మాటలు వినబడని యిల్లు మన దేశమున లేదు. గోదావరి యుత్తరపు దరినున్న ఖానాపూరు ప్రాంతమునే చూడుడు. సదర్మాట్ ఆనకట్ట క్రింది పొలములలో బురదలో నిలిచి, వంచిన నడుము ఎత్తక నాట్లు వేయువారు స్త్రీలు. పసుపు త్రవ్వి యుడికించి యెండబెట్టువారు స్త్రీలు. వేసవిలో తెల్లవారకమునుపే యడవికి పోయి తునికాకు కోసి తెచ్చువారిలో పెక్కురు స్త్రీలు. చేట ఒడిలో పెట్టుకొని పొద్దస్తమానము కదలక బీడీలు చుట్టువారును స్త్రీలే. ఇట్టి పనులు చేయువారికి సాయంకాలమునకు తుంటి నొచ్చుట వింత గాదు. రాత్రి పడుకొని లేచిన సగము తగ్గును. నాలుగు దినములు పని మానిన పూర్తిగ పోవును.

అయితే పడుకొన్నను తగ్గని నొప్పి యొకటి గలదు. అది పగటికంటె రాత్రి హెచ్చును. వారము వారమునకు పెరుగును. మొదట కొంచెము కుంటించి, పిదప మంచము పట్టించును. అది అరుదైనది. కాని అరుదైనదగుటచేతనే దానిని ఎవ్వరును తలపునకు తెచ్చుకొనరు. తుంటికీలు చుట్టునుండు ఎముకకు సోకిన రాచపుండును గూర్చి, అనగా క్యాన్సరును గూర్చియే మేము ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఒకప్పుడీ వ్యాధికి కాలును తుంటితో సహా తీసివేయుట తప్ప వేరు దారి లేకుండెను. నేడు చెడిన కీలును మాత్రము తొలగించి, దాని స్థానమున వేఱొక యేర్పాటు చేసి, కాలును నిలుపగలుగుచున్నారు. ఆ మేలు అందరికిని దక్కుట లేదు. దక్కుటకును దక్కకపోవుటకును కారణము శస్త్రవైద్యుని కత్తిలోకంటె, వ్యాధి తొలుత బయటపడిన యింటిలోనే యెక్కువగా నున్నదని మా యభిప్రాయము.

రోలు, పొత్రము

ముందుగా ఈ కీలు ఎట్టిదో తెలిసికొందము. మన వంటయింటి రుబ్బురోటిని తలచుకొనుడు. తొడయెముక పైకొన గుండ్రని బంతివలె నుండును, అది పొత్రము. కటియెముక ప్రక్కన లోతైన గుంట గలదు, అది రోలు. పొత్రము రోటిలో అన్నివైపులకు తిరిగినట్లే తొడ ముందునకు, వెనుకకు, ప్రక్కకు తిరుగును. ఈ పోలిక మాది కాదు. సుశ్రుత సంహితలో శారీరస్థానమున కీళ్ళను ఎనిమిది తెగలుగా విభజించి, చంకలోను గజ్జలోను ఉండు కీళ్ళను ఉలూఖల సంధులని చెప్పియున్నారు. ఉలూఖలమనగా రోలే. రోమనులును తమ వంటయింటి వస్తువునే తలచిరి. భోజనపు బల్లపై వినిగరు పోసి పెట్టుకొను చిన్న గిన్నె పేరు ఈ గుంటకు పెట్టిరి. పాశ్చాత్య వైద్యులు నేటికిని ఆ లాటిను పేరుతోనే దీనిని వ్యవహరించుచున్నారు.

ఈ గిన్నె ఒక యెముకతో నైనది కాదు. పైన రెక్కవలె విప్పుకొన్న యెముక, క్రింద కూర్చుండునపుడు నేలకానెడి యెముక, ముందు పొత్తికడుపు దిగువనుండు యెముక, ఈ మూడును గిన్నెలో కలియును. బాల్యమున వాని నడుమ మెత్తని మృదులాస్థి యుండి, పదునాలుగు పదునారేండ్ల ప్రాయమునకు అవి యొకటిగా అతుకుకొనును. మన యొడలి బరువంతయు వెన్నునుండి దిగి, ఈ గిన్నె మీదుగానే తొడలోనికి పోవును. గిన్నెకు ముందువైపున కాలికి నెత్తురు తీసికొనిపోవు పెద్ద నాళములు, వెనుకవైపున చిటికెనవ్రేలి లావున నుండు నరము, లోపలివైపున మూత్రాశయము, ప్రేగు, స్త్రీలకు గర్భాశయము కలవు. ఇన్నింటి నడుమనున్న యెముకను కోసి తీయుట యెంత కష్టమో దీనినిబట్టియే యూహింపవచ్చును.

ఏ యే వ్యాధులు?

ఇచటికి వచ్చు రాచపుండు రెండు విధములు. మొదటిది యెముకలోనే పుట్టునది. ఇది మొత్తము క్యాన్సరులలో నూటికి ఒకటికంటె తక్కువ. అందును ముఖ్యముగా మూడు గలవు. ఆస్టియోసార్కోమా యనునది తఱచుగా పదేండ్లకు ఇరువదేండ్లకు నడుమ, ఎదుగుచున్న పిల్లలకు వచ్చును. మోకాలి చుట్టును ఎక్కువ, కటియందు తక్కువ. 1921లో అమెరికా దేశపు వైద్యుడు జేమ్సు యూయింగు వివరించుటచే ఆయన పేరు పెట్టబడిన యూయింగు సార్కోమా పిల్లలకును యువజనులకును వచ్చును. కటియెముక దానికి ఇష్టమైన తావులలో నొకటి. దానితో జ్వరము, వాపు కూడ వచ్చుటచే చీముగడ్డయనియో క్షయయనియో భ్రమపడుట కలదు. మూడవది మృదులాస్థినుండి పుట్టు కాండ్రోసార్కోమా. నలువదేండ్లు దాటినవారిలో నెక్కువ. ఇది మందులకును కిరణములకును సాధారణముగా లొంగదు, శస్త్రచికిత్సయే శరణ్యము.

రెండవ విధము ఇతర స్థానమున పుట్టి ఎముకకు పాకినది. స్త్రీలు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది దీనినే. రొమ్ము క్యాన్సరు పాకుటకు ఎముకలనే తఱచుగా ఎన్నుకొనును. ఊపిరితిత్తి, కంఠమునందలి థైరాయిడు గ్రంథి, మూత్రపిండము, పురుషులకు ప్రోస్టేటు గ్రంథి, వీని క్యాన్సరులును అట్లే. పెద్దవారి తుంటిలో కనబడు క్యాన్సరులలో ఈ పాకివచ్చినవే యెక్కువ. రొమ్మునకు చికిత్స పొంది యేండ్లు గడచిన యామెకు క్రొత్తగా తుంటి నొప్పి వచ్చినచో, అది వాతమని యూరకుండరాదు.

చెవియొగ్గి వినవలసిన గుర్తులు

ఈ గిన్నె మీద కండ దట్టముగా నుండును. అందుచే మోచేతి మీదనో మోకాలి మీదనో పుట్టిన గడ్డవలె ఇది ముందుగా కంటికి కనబడదు. కనబడునప్పటికి బాగుగా పెరిగియుండును. కాబట్టి కంటిని గాక చెవినే నమ్ముకొనవలెను. పిల్లవాడు రాత్రి నిద్రలో మూలుగుట, తొడ పట్టుకొని లేచి కూర్చుండుట, ఆటలో ఒక కాలు ఈడ్చుట, మెట్లెక్కుటకు చేయి ఊతగొనుట, వీనిని ముందుగ గమనింపగలిగినది తల్లియే. తుంటిలోని వ్యాధి ఒక్కొక్కప్పుడు మోకాలిలో నొప్పిగా తోచును. మోకాలికి పట్టీ వేసి, మోకాలికే ఎక్స్‌రే తీయించి, ఏమియు లేదని తిరిగి వచ్చుట దీని ఫలితమే. పిల్లవాడు ఎప్పుడో జారిపడినది జ్ఞప్తికి తెచ్చుకొని, ఆ దెబ్బయే ఇదియని సమాధానపడుటయు సామాన్యము. ఎముక క్యాన్సరును దెబ్బ పుట్టింపదు. కాని దెబ్బ మీద నెపము పెట్టి నెలలు జరుపుట వలన అది పెరుగును.

ఇక పిల్లల నొప్పి తల్లి వినును గాని, తల్లి నొప్పి ఎవరు విందురు? “కాన్పుల నడుము, అట్లే యుండును” అని ఆమెకామెయే చెప్పుకొనును. చుట్టవలసిన బీడీల లెక్క తీరలేదని, నాట్లు ముగియలేదని, పండుగ గడవలేదని వాయిదా వేయును. ఇంటిలోని యందరి నొప్పులును తెలిసిన యామె తన నొప్పిని చివరకు చెప్పును. ఇది త్యాగముగా కనబడును గాని, దీని వెల ఆ యింటిల్లిపాదియు చెల్లింపవలసి వచ్చును.

నియమము చిన్నది. విశ్రాంతిచే తగ్గక, రాత్రివేళ హెచ్చుచు, రెండు మూడు వారములు దాటిన తుంటినొప్పికి ఎక్స్‌రే తీయింపవలెను. నడుము మాత్రమే గాక, రెండు తుంట్లును కనబడునట్లు కటి యంతయు తీయుమని యడుగవలెను. మొదటి చిత్రములో ఏమియు తోపకున్నను నొప్పి పెరుగుచునే యున్నచో ఎం.ఆర్.ఐ. పరీక్ష కావలెను, ఆరంభదశ ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చును.

చేయరాని పనులును గలవు. మన హైదరాబాదు ప్రాంతమున పహిల్వానులు ఎముకలు సరిచేయుట, కట్టు కట్టుట పాత యాచారము. బెణికిన కాలికి అది యెట్లున్నను, కారణము తెలియని తుంటినొప్పికి గట్టిగా మర్దనము చేయించుట, వాతలు పెట్టించుట, కట్టు బిగించుట హానికరము. గడ్డను నలిపిన అది అణగదు. లోపల నెత్తురు చిమ్మి, చుట్టునున్న కండలోనికి వ్యాపించు నవకాశమే హెచ్చును. నొప్పి తెలియకుండ నెలల తరబడి సూదులు వేయించుకొనుటయు అట్టిదే. నొప్పి యనునది తలుపు తట్టి పిలుచు మనిషి. పిలుచువాని నోరు మూసిన పని కాదు.

మొదటి సూది

చిత్రములో అనుమానము కలిగిన పిమ్మట గడ్డనుండి చిన్న తునక తీసి పరీక్షింపవలెను. దీనినే బయాప్సీ యందురు. ఇది చూచుటకు అల్పమైన పని. ఏ యాసుపత్రిలోనైనను చేయవచ్చునని తోచును. కాని ఈ వ్యాసములో మేము చెప్పు మాటలన్నిటిలో మిక్కిలి జ్ఞప్తియందుంచుకొనవలసినది ఇదియే: పెద్ద శస్త్రచికిత్స చేయబోవు వైద్యుని యాసుపత్రిలోనే మొదటి సూది పడవలెను.

కారణము వినుడు. సూది పోయిన దారిపొడవునను క్యాన్సరు కణములు అంటుకొనియుండవచ్చును. కావున తరువాత గడ్డను తీయునపుడు ఆ దారిని కూడ చర్మముతో సహా కోసి తీసివేయుదురు. సూది సరియైన చోట దిగినయెడల ఆ దారి రాబోవు కోతలోనే కలిసిపోవును. అడ్డముగా, అనాలోచితముగా దిగినయెడల నిలువవలసిన కండయు నరములును చెడి, నిలువగల కాలును తీసివేయవలసి వచ్చును. 1982లో అమెరికాలో మాంకిన్ అను వైద్యుడును ఆయన సహచరులును ఎముక గడ్డలు, కండ గడ్డలు గల 329 మంది బయాప్సీలను పరిశీలించి ప్రకటించిరి. అందు 15 మందికి, బయాప్సీ సరిగా జరిగియున్నచో అక్కరలేకపోయెడి అవయవచ్ఛేదము జరిగినది. గడ్డ చీముగడ్డయే యని తలచి ఊరిలో కత్తితో చీల్చుట అన్నిటికంటె కీడు. అనుమానమున్నచో చిత్రములను మాత్రము పట్టుకొని పెద్ద దవాఖానకు పోవుట మేలు.

కాలు తీయుటనుండి కాలు నిలుపుట వఱకు

ఈ శస్త్రచికిత్స చరిత్ర నూటముప్పదేండ్లకు పైబడినది. 1891లో వియన్నాలో బిల్రోతు అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు కాలును సగము కటితో సహా తీసివేయుటకు ప్రయత్నించెను; రోగి బ్రతుకలేదు. 1895లో గిరార్డు చేసిన శస్త్రచికిత్సలో రోగి బ్రతికెను. తరువాత ఎనుబదేండ్ల వఱకు కటియందలి క్యాన్సరుకు ఇదియే మార్గమైయుండెను. కాలు కోల్పోయినను ప్రాణము దక్కునను నమ్మకము లేదు. కాలు తీసివేయుట మాత్రమే చేసిన కాలమున ఆస్టియోసార్కోమా సోకినవారిలో నూటికి ఇరువదిమందికి మించి బ్రతుకలేదు. గడ్డ పోయినను, దాని కణములు అంతకుముందే ఊపిరితిత్తులకు చేరియుండుటయే కారణము. కెనడా దేశపు యువకుడు టెరీ ఫాక్సు చరిత్ర లోకవిదితము. 1977లో ఆయన కుడికాలు మోకాలిపైన తీసివేయబడినది. 1980లో కృత్రిమ కాలితో దేశమునకు అడ్డముగా పరుగెత్తబూని క్యాన్సరు పరిశోధనకు ధనము కూడబెట్టెను. వ్యాధి ఊపిరితిత్తులలో తిరుగబెట్టి 1981 జూనులో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున మరణించెను.

1970ల కాలమున రెండు మార్పులు కలిసి వచ్చినవి. ఒకటి కీమోథెరపీ. శస్త్రచికిత్సకు ముందును తరువాతను సిరలోనికి మందులెక్కించుటచే, ఒడలంతట తిరుగు కణములు చచ్చుటయు, గడ్డ యణగుటయు సాధ్యమయ్యెను. కాలిచేతుల యెముకలలో పుట్టి ఇతరత్ర పాకని ఆస్టియోసార్కోమాలో నేడు నూటికి అరువదిమందికి పైగా దీర్ఘకాలము బ్రతుకుచున్నారు. కటియెముకలో పుట్టినపుడు ఫలితము అంతకంటె తక్కువ. ఈ సంగతి దాచుట న్యాయము కాదు. రెండవది శరీరమును పొరలు పొరలుగా చూపు సి.టి. చిత్రములు. గడ్డ యెచటివఱకు పోయినదో చర్మము కోయకమునుపే తెలియవచ్చెను. 1978లో స్టీలు, ఎన్నెకింగు మున్నగు అమెరికా వైద్యులు కాలును ఉంచి కటియెముక భాగమును మాత్రము తీయు విధానములను వివరించిరి. ఎన్నెకింగు కటిని భాగములుగా విభజించెను. అందు రెండవ భాగము మన గిన్నెయే. అన్నిటిలో కఠినమైనదియు నదియే.

మన దక్షిణదేశమున చెన్నైయందు డాక్టరు మయిల్‌వాహనన్ నటరాజన్ క్యాన్సరు సోకిన యెముకల స్థానమున రోగి కొలతకు తగినట్లు దేశమునందే చేయించిన లోహపు ఎముకలను అమర్చి పేరొందెను. 2007లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 1941లో స్థాపింపబడిన ముంబయి టాటా స్మారక ఆసుపత్రియందును ఈ శస్త్రచికిత్సలు జరుగుచున్నవి.

గిన్నెను తిరిగి కట్టుట

గడ్డను చుట్టును కొంత మంచి కండతో కలిపి, పగులకుండ మొత్తముగా తీసివేసిన పిమ్మట, తొడయెముక ఆధారము లేక వ్రేలాడును. అప్పుడేమి చేయుదురు? నాలుగు మార్గములు గలవు.

మొదటిది ఏమియు అమర్చక విడుచుట. వినుటకు వింతగా నుండును గాని, కాలక్రమమున ఆ ఖాళీలో గట్టి మచ్చకండ యేర్పడి కాలు నిలుచును. కాలు కొన్ని అంగుళములు కురుచయగును. ఎత్తు చెప్పు, చేతికఱ్ఱ కావలెను. కాని శస్త్రచికిత్స త్వరగ ముగియును, వ్యయము స్వల్పము, చీము పట్టు భయము తక్కువ.

రెండవది తొడయెముక తలను పైకి జరిపి, మిగిలిన కటియెముకకు గట్టి అల్లిక గొట్టముతో కట్టివేయుట. ఇందును కాలు కురుచయగును గాని నడక స్థిరముగా నుండును.

మూడవది విచిత్రమైనది. కోసి తీసిన యెముకనే గడ్డ మాంసము తొలగించి, శస్త్రచికిత్స జరుగుచుండగనే కిరణచికిత్సా యంత్రము క్రింద నుంచి, ఒకే విడతగా పెద్ద మోతాదులో కిరణములు ప్రసరింపజేసి, అందలి క్యాన్సరు కణములన్నిటిని చంపి, ఆ యెముకనే తిరిగి స్వస్థానమున మేకులతో బిగింతురు. కొలత సరిపోవునా యను ప్రశ్నయే లేదు. అయితే యెముక గట్టిగా మిగిలియుండిననే ఇది పనికివచ్చును.

నాలుగవది లోహపు గిన్నె. సి.టి. చిత్రముల కొలతలనుబట్టి టైటేనియము పొడిని పొరపొరగా కరిగించి పేర్చు యంత్రముచే, ఆ రోగికి మాత్రమే సరిపోవునట్టి గిన్నెను చేయింపవచ్చును. కాలు పొడవు నిలుచును. నడక సహజమునకు దగ్గరగ నుండును. కాని వ్యయమెక్కువ, శస్త్రచికిత్స దీర్ఘము, చీము పట్టుట, కీలు తొలగుట, లోహము వదులగుట యను మూడు భయములు గలవు. పెక్కు ఆసుపత్రుల లెక్కలలో అయిదుగురిలో నొకరికి అటునిటుగా చీము పట్టుచున్నది. కావున లోహపు గిన్నె పెట్టినవారే మంచి వైద్యులని, పెట్టనివారు పేదలని విడిచిపెట్టిరని తలపరాదు. గడ్డ యెంత తీయవలసివచ్చినది, నరము మిగిలినదా, వయసెంత, ఈ మూటినిబట్టి మార్గము నిర్ణయమగును.

రొమ్ము మున్నగు చోట్లనుండి పాకివచ్చిన వ్యాధిలో ఉద్దేశమే వేఱు. అచట గిన్నె గుల్లయై విరుగుటకు సిద్ధముగ నుండును. గుల్లను గీకి, లోహపు కడ్డీలును ఎముక సిమెంటును నింపి, దానిపై గిన్నె నమర్తురు; 1981లో హారింగ్టను అను వైద్యుడు ఈ పద్ధతిని వివరించెను. పిమ్మట కిరణచికిత్స చేయుదురు. వ్యాధి మూలమట్టముగా పోదు. కాని మంచముననున్న యామె లేచి తనంత తాను స్నానపుగదికి పోగలుగును. మిగిలిన దినములు నెలలైనను సంవత్సరములైనను, ఆ స్వాతంత్ర్యము చిన్నది కాదు.

ఖానాపూరునుండి హైదరాబాదునకు

ఇంతటి శస్త్రచికిత్స ఖానాపూరులో జరుగదు; జరుగవలెనని కోరుటయు తగదు. అచటి ప్రభుత్వ దవాఖానలోనో, 2023లో వైద్యకళాశాల వెలసిన నిర్మల్‌లోనో, 2008లో నెలకొనిన ఆదిలాబాదు రిమ్సులోనో మొదటి చిత్రము తీయించుకొని, అనుమానమున్నచో తిన్నగా హైదరాబాదు పోవలెను. నిర్మల్ నుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. 1955లో స్థాపింపబడి, మెహదీ నవాజ్ జంగు పేరు దాల్చిన ఎం.ఎన్.జె. సంస్థ రాష్ట్రమున ప్రభుత్వపు పెద్ద క్యాన్సరు ఆసుపత్రి. నిమ్సు, 2000లో ప్రారంభమైన బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రి మున్నగునవియు గలవు.

2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. తెలంగాణమున ఈ పథకపు పరిమితి 2023 డిసెంబరు 9న కుటుంబమునకు ఏటికి 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచబడినది. స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణమును ఆనాడే మొదలైనది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏ రకపు గిన్నెకు పథకము వర్తించునో శస్త్రచికిత్సకు ముందే యడిగి తెలిసికొనవలెను. తిండి, బస, తోడుండువారి కూలి నష్టము, వీనిని ఏ పథకమును పూర్తిగ తీర్పజాలదు. పెక్కుమంది చికిత్సను నడుమ మానివేయుట దీనివలననే. మొదటి కీమో మందుతో నొప్పి తగ్గగానే “నయమైనది” అని యింటికి మరలి, తిరిగి రాకుండుట మిక్కిలి ప్రమాదము. నొప్పి తగ్గుట వ్యాధి పోవుట కాదు.

శస్త్రచికిత్స ఆరేడు గంటలు, ఒక్కొక్కప్పుడంతకు మించియు సాగును. నెత్తురు ధారాళముగా పోవును. కావున బంధువులు ముందుగనే రక్తదానమునకు సిద్ధపడవలెను. రక్తమిచ్చిన బలము పోవునను భయము నిరాధారము.

నేల మీది సంసారము

ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట చికిత్సలో సగము గృహిణి చేతిలో నుండును. మన సంసారమంతయు నేలమీదిది. పీటపై కూర్చుండి భోజనము, నేలపై కూర్చుండి కూర తరుగుట, చాపపై పడక, గొంతుక్కూర్చుండు మరుగుదొడ్డి. క్రొత్తగా కట్టిన తుంటికి ఇవన్నియు శత్రువులే. బాసిపట్లు వేసికొని కూర్చున్నను, గొంతుక్కూర్చున్నను, కాలుమీద కాలు వేసికొన్నను కీలు తొలగిపోవచ్చును.

కాబట్టి రోగి ఆసుపత్రినుండి రాకమునుపే కొన్ని యేర్పాట్లు జరుగవలెను. మోకాలికంటె ఎత్తైన మంచము, చేతులుగల గట్టి కుర్చీ, నడుమ రంధ్రముగల మరుగుకుర్చీ లేక కమోడు సమకూర్పవలెను. గడపల యొద్ద జారని పట్టయు, పట్టుకొనుటకు గోడకు కఱ్ఱయు బిగింపవలెను. నిదురలో కాళ్ళు పెనవేసికొనకుండ నడుమ తలగడ నుంచవలెను. వైద్యులు చెప్పువఱకు, సాధారణముగ ఆరునుండి పండ్రెండు వారములు, ఆ కాలిపై బరువు మోపరాదు, చంకకఱ్ఱలతోనే నడవవలెను. వ్యాయామ చికిత్సకుడు నేర్పిన కదలికలు దినమునకు మూడుమార్లు చేయింపవలెను. జాలిపడి పడుకొనబెట్టుట ఉపకారము కాదు. కోతనుండి నీరు కారినను, ఎఱ్ఱబడినను, చలిజ్వరము వచ్చినను ఆ దినముననే దవాఖానకు కబురు పెట్టవలెను.

జీవనోపాధి మాటయు గలదు. నేలమీద కూర్చుండి బీడీలు చుట్టు నామె బల్లయెత్తున చేట నుంచుకొని చుట్టవచ్చును. బురదలో నాట్లకు మాత్రము తిరిగి పోరాదు. ఇంటివారు ఈ మార్పును ముందే యంగీకరింపవలెను.

ఆడపిల్ల యైనచో

ఇక చెప్పుటకు కష్టమైన మాట. రోగి ఆడపిల్ల యైనచో “కోతపడిన పిల్లను ఎవరు చేసికొందురు?” అను ప్రశ్న యింటిలో మొదట పుట్టుచున్నది. ఆ భయముచే వ్యాధిని దాచుటయు, శస్త్రచికిత్సను వద్దనుటయు జరుగుచున్నవి. దాచిన వ్యాధి దాగదు. కోత లేక నిలిచిన యందము నెలలలో కరగిపోవును. బ్రతికిన పిల్ల కొంచెము కుంటుచు చదువుకొనును, పనిచేయును, తనకు తగిన జీవితము నిర్మించుకొనును. చికిత్స పొందిన స్త్రీలు తల్లులైనవారును గలరు. కొన్ని కీమో మందులును, కటికి చేయు కిరణచికిత్సయు అండములకు హాని చేయవచ్చును. కావున చికిత్స ప్రారంభింపక పూర్వమే, సిగ్గుపడక, సంతానమును గూర్చి వైద్యులనడిగి, అండములను కాపాడు మార్గములు తెలిసికొనవలెను. కటియెముక మార్పు చెందిన తల్లికి కాన్పు శస్త్రచికిత్స చేయగల పెద్ద ఆసుపత్రిలోనే జరుగుట క్షేమము.

అందరి కాలును నిలుచునని మేము చెప్పుట లేదు. గడ్డ పెద్ద నరమును, నాళములను కలిపి చుట్టుకొన్నపుడు కాలు తీయుటయే ప్రాణరక్షణ మగును. అట్టి నిర్ణయమును వైద్యుని యసమర్థతగా నెంచరాదు. మరి కొందరికి వ్యాధి చేయి దాటియుండును. వారికిని చికిత్స లేదనుట తప్పు. నొప్పిని పోగొట్టు మందులు గలవు; నోటితో తీసికొను మార్ఫీను వైద్యుని పర్యవేక్షణలో నిచ్చిన సురక్షితము. ఎం.ఎన్.జె. సంస్థలో నొప్పి నివారణకే ప్రత్యేక విభాగమున్నది. కొన్ని జిల్లాలందును ప్రభుత్వ ఉపశమన చికిత్సా కేంద్రములు వెలసినవి. మరణము తప్పనివారు సైతము రాత్రి నిదురపోవుటకు హక్కు గలవారే.

చదువరులైన సోదరీమణులు ఒక్క పని చేయవలెనని మా మనవి. చదువు రాని పొరుగింటి స్త్రీ తుంటి పట్టుకొని కూర్చున్నపుడు “ఎన్ని దినములనుండి? రాత్రి నిదుర పట్టుచున్నదా?” అను రెండు ప్రశ్నలడుగుడు. నెల దాటినదనియు నిదుర లేదనియు చెప్పినయెడల, ఆమె యింటివారితో మాటలాడి, ఆ వారమే ఆమెను ఎక్స్‌రేకు పంపించుడు. అది వట్టి వాతనొప్పి యైనచో పోయినది ఒక్కనాటి కూలి మాత్రమే.